మోతి మూతి, మా అత్తమ్మ మలాయి

పోయిన ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్ల వెంట నాలుగేళ్ల పిల్ల ఒకతి. మా మనవరాలు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్క సోఫా పక్కన తన మానాన తాను పడుకుని ఉంటే, ఆ పిల్ల వెళ్లి దాని మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా కావలించుకుంది. కుక్క కదల్లేదు. తల పక్కకు తిప్పుకుని, నాలుక బయటికి తీసి ఒకసారి మూతి నాక్కుంది. కాసేపాగి మళ్లీ నాక్కుంది. "అయ్యో, దానికి ఆకలేస్తున్నట్టుంది" అంది చుట్టాలావిడ. మా కోడలు వంటింట్లోంచి బిస్కెట్ల డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేను కుర్చీలోంచే, "ముందు ఆ పిల్లను ఇవతలికి తియ్యండి. దానికి ఆకలీ లేదు, గీకలీ లేదు. భయమేస్తోంది" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, చుట్టాలావిడ మొహం చిన్నబోయింది. పిల్లను తీశారు. కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, బాల్కనీలోకి వెళ్లిపోయింది. మా మనవరాలు ఫోన్‌లో ఏదో వెతికి, "నానమ్మ చెప్పింది కరెక్టే, ఇందులో రాసి ఉంది. ఇబ్బంది పడితే కూడా గట్లనే నాక్కుంటయంట. నీకెట్ల తెలుసు నానమ్మా?" అనడిగింది.

నాకు ఫోను చెప్పలేదు. ఉప్పుగూడలో ఒక మలాయి కడాయి చెప్పింది. అది చెప్పిన పాఠం నాకెంత బాగా గుర్తుందంటే, ఇప్పటికీ ఏ కుక్కయినా మూతి నాక్కుంటే నేను ముందు దాని ఎదురుగా ఎవరున్నారా అని చూస్తాను.

డెబ్బయిల మొదట్లో మాట. లాల్‌దర్వాజలో ఒక గుమాస్తా కూతురుగా పెరిగి, పందొమ్మిదేళ్లకు ఉప్పుగూడ రైలు స్టేషన్ వెనకాల పాలవాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయనకు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని. "గవర్నమెంట్ నౌకరి, ఇంట్ల పాడి, ఇంకేం గావాలె" అన్నాడు మా బాపు. పాడి అంటే పాలు తాగడం అనుకుని నేను ఎగిరి గంతేశాను. పాడి అంటే పెండ తీయడం అని వచ్చిన మర్నాడే తెలిసింది. ఆరు బర్రెలు, ఒక కొట్టం, రెండు గదులు, వెనకాల ముళ్లకంప, దాని వెనకాల పట్టాలు. మా మామ మాట తక్కువ మనిషి. బర్రెలతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఆ లోటంతా మా అత్తమ్మ తీర్చేది. మనిషి నా భుజం దాకా కూడా ఉండదు గానీ, గొంతెత్తితే స్టేషన్లో బండి కూత వినపడేది కాదు. ఇంట్లో గడియారం లేదు, అవసరమూ లేదు. "పొద్దటి బండి పాయె, ఇంక పొయ్యి ముట్టియ్యలేదానే" అని రైళ్లను బట్టి మమ్మల్ని నడిపించేది. అన్ని రైళ్లు లెక్క తెలిసిన మనిషి, ముప్పై ఏళ్లుగా పట్టాల పక్కనే కాపురమున్న మనిషి, కొడుకు నౌకరీ కూడా ఆ పట్టాల మీదే అయిన మనిషి, ఒక్కసారి కూడా రైలెక్కలేదు. ధూల్‌పేటలో పుట్టింది, పెళ్లయ్యాక టాంగాలో ఉప్పుగూడ వచ్చింది, అంతే. ఎవరైనా అడిగితే, "నాకేం పనే రైలుతోని" అనేది.

మా ఇంటి పాలలో సగం శాలిబండ చాయ్ హోటళ్లకు పోయేవి. మిగతా సగం మలాయి అయ్యేవి. చార్మినార్ దగ్గర ఒక మిఠాయి దుకాణం ఆయన మా అత్తమ్మ మలాయి తప్ప ఇంకొకరిది ముట్టేవాడు కాదు. సాయంత్రం పాలను వెడల్పాటి ఇనుప కడాయిలో పోసి, పిడకల సెగ మీద సన్నగా కాచి, పెద్ద గంప బోర్లించి వదిలేసేది. తెల్లారేసరికి పైన రొట్టెంత మందాన మీగడ కట్టేది. కడాయి అంచు చుట్టూ కత్తి తిప్పి, రెండు వెదురు పుల్లలతో ఆ మీగడను చిరగకుండా ఒక్క పొరగా లేపి, మోదుగాకుల మీద మడతపెట్టేది. ఆ వాసన ఏమని చెప్పను! కాస్త పొగ, కాస్త పాలు, కాస్త ఇనుము. ఇన్ని స్వీట్లు తిన్నాను, ఆ వాసన మళ్లీ ఎక్కడా తగల్లేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మలాయి అమ్మే ఇంట్లో మలాయి తినకూడదు. కన్నపిల్లలకైనా, వచ్చిన చుట్టానికైనా అంతే. వేలికి అంటితే కొంగుకు తుడుచుకోవాలి గానీ నోట్లో పెట్టుకోకూడదు. "ఒక్కపారి నాలికెకు రుచి తెలిసిందంటే ఇగ చెయ్యి ఆగదు. మనమే తింటె ఇగ అమ్మేదేంది, బూడిదనా?" అనేది అత్తమ్మ. ఆమెకు ఆమె అత్త నేర్పిన నీతి అది. దొంగల్ని పట్టడానికి ఒక విద్య కూడా నేర్పింది. మలాయి జిడ్డు పెదవుల్ని వదలదు, తిన్నవాళ్లు తెలియకుండానే పెదవులు నాక్కుంటారు అని. అత్తమ్మ మా ఆయనను చిన్నప్పుడు అలాగే పట్టిందట, పక్కింటి పిల్లిని అలాగే పట్టిందట. "గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకుంటరు. మలాయి దొంగంటె మూతి నాక్కుంటరు. నేను మూతి జూసి చెప్త" అని గొప్పగా చెప్పుకునేది.

ఇక మోతి. ఈ కథలో పేరున్నది దానికొక్కదానికే. గోధుమ రంగు ఆడకుక్క, ఒక చెవి నిక్కి ఉంటే ఇంకోటి వాలి ఉండేది. ఎవరూ పెంచలేదు, దానంతటదే వచ్చి కొట్టంలో చేరింది. పొద్దున, సాయంత్రం మామ పాలు పిండుతుంటే పెద్ద బర్రె ముందు కూర్చునేది. బర్రె దాని నెత్తి నాకుతూ పాలు దించేది. అది మోతికి ఉద్యోగం. పాలచెంబు పక్కనే ఉన్నా మూతి పెట్టేది కాదు. కొత్తలో నాకు ఆ ఇంట్లో పలకరింపు అంటూ ఉంటే దానితోనే. అత్తమ్మ కేకేస్తే నేనూ అదీ ఒకేసారి ఉలిక్కిపడేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇక్కడ నేను కడుపుతో ఉన్నాననీ, నోరు పుల్లగా ఉండి మలాయి మీదకు మనసు పోయిందనీ చెబితే మీరు జాలిపడి క్షమించేస్తారు. అదేం లేదు. నాది ఉత్త జిహ్వచాపల్యం. తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ, గంప కొంచెం ఎత్తి, కడాయి అంచున ఎండిన చెక్కులాంటి మీగడను గోటితో గీకి నోట్లో వేసుకునేదాన్ని. అంచుదే కదా, అమ్మకానికి పోనిదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రెండు నెలలు నడిచింది. ఒకరోజు అంచు గీకబోతే పొర మొత్తం కదిలి, నడిమి దాకా చర్రున చిరిగింది. అరచేయంత ముక్క నా చేతిలోకి వచ్చింది. దాన్ని తిరిగి ఎలా అతికించను? మింగేశాను. రుచి కూడా తెలియలేదు. కొంగుతో మూతి శుభ్రంగా తుడుచుకుని, చెంబెడు నీళ్లు పుక్కిలించి, కొట్టంలోకి పెండ తీయడానికి పోయాను. ఆ కంగారులో గంప బోర్లించడం మరిచిపోయాను.

కాసేపటికి అత్తమ్మ కేక. అందరం వాకిట్లోకి పరుగెత్తాం. మూత లేని కడాయి, నడుమ చిరిగిన మలాయి, నాలుగడుగుల దూరంలో ఎండ పొడలో పడుకున్న మోతి. అత్తమ్మ చీపురు ఎత్తి దాని మీదకు వంగింది. మోతి చెవులు వెనక్కి వాల్చి, తల పక్కకు తిప్పుకుని, మూతి నాక్కుంది. అత్తమ్మ ఇంకా గట్టిగా అరిచింది. అది ఇంకోసారి నాక్కుంది. "జూడుండ్రి, జూడుండ్రి! ఇంక నాక్కుంటనే ఉన్నది దొంగముండ!"

మామ పాలచెంబు కింద పెట్టి, "అది తినలేదే. బెదిరింది. బెదిరితె మూతి ఎండుతది, గందుకే నాక్కుంటది" అన్నాడు.

"నువ్వు బర్రెల సంగతి జూస్కో. మూతి సంగతి నాకిడువు" అంది అత్తమ్మ. అయినా న్యాయం తప్పకూడదని మా అందరి మూతులూ చూసింది. నా గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పి మరీ చూసింది. అప్పటికే తుడుచుకుని, కడుక్కుని ఉన్న మూతి నాది, తళతళలాడుతోంది. "గిది మంచి పిల్ల" అని వదిలేసింది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పే నా నోరు కట్టేసింది. నిజం చెబితే దొంగ కోడలన్న పేరు లాల్‌దర్వాజ దాకా పోతుందన్న భయం కూడా ఉందనుకోండి. మొత్తానికి నేను మాట్లాడలేదు. అత్తమ్మ ఆ కడాయిని రెండు చేతులతో ఎత్తి, పాలు మొత్తం మోరీ కాలవలో పోసేసింది. కుక్క మూతి పెట్టిన పాలు అమ్మితే పాపమని. అవి మంచి పాలని నాకొక్కదానికే తెలుసు. తెల్లగా మోరీ వెంట పారుతుంటే అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. మిఠాయి ఆయన మనిషి వచ్చి, "అమ్మాజీ, ఆజ్ మలాయి నహీ?" అని అడిగితే లేదన్నట్టు చేతులు తిప్పింది.

మోతికి శిక్ష ఆ పూటే పడింది. మా ఆయన డ్యూటీకి పోతూ దాన్ని గోనెసంచిలో వేసుకుని, ప్యాసింజర్ బండిలో ఉందానగర్ స్టేషన్ దాకా తీసుకెళ్లి వదిలేసి వచ్చాడు. సంచిలో అది అరవలేదు, గింజుకోలేదు. దాని కళ్లు నాకు కనపడలేదు గనక బతికిపోయాను అనుకున్నాను.

బతకడం సాయంత్రం దాకానే. పాలు పిండే వేళకు పెద్ద బర్రె అటూ ఇటూ చూసి, మోతి కూర్చునే చోటు వాసన చూసి, పాలు బిగబట్టింది. మామ పొదుగు నిమిరాడు, తౌడు పెట్టాడు, బతిమాలాడు. చుక్క దించలేదు. మర్నాడు పొద్దునా అంతే. అత్తమ్మ స్వయంగా కూర్చుంటే చెంబును కాలితో తన్నింది. మామ గంజి కూడా తాగకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బర్రెకు మోతి కావాలి, అది లేదు, ఎందుకు లేదో నాకు తెలుసు. పెండ చేతులతోనే అత్తమ్మ ముందు నిలబడి, "అత్తమ్మా, మోతి తినలే. నేను తిన్న" అన్నాను. అని, ఏడుపందుకున్నాను.

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, చెయ్యెత్తుతుందనుకున్నాను. ఆమె మెల్లగా, "నీ మూతి మంచిగనే ఉండె గదనే" అంది. మలాయి పోయినందుకు కాదు, ముప్పై ఏళ్ల విద్య తప్పినందుకు మనిషి కుదేలైపోయింది. నేను కొంగుతో తుడుచుకున్న సంగతి, పుక్కిలించిన సంగతి అన్నీ చెప్పాను.

"తిన్నదాని మూతి సాఫ్. తిననిదాని మూతి జూసి దొంగ అన్న" అంది తనలో తాను.

"నిన్ననే చెప్పిన గద, బెదిరిందని" అన్నాడు మామ. "ఈ ఇంట్ల నీకు బెదరని ప్రాణి ఏదన్న ఉన్నదా? నన్ను గూడ కలుపుకొని చెప్పు."

అత్తమ్మ బర్రె తన్నిన చెంబు తీసి మూలన బోర్లించింది. ఆ పూట ఇంట్లో ఎవరిమీదా కేకెయ్యలేదు. సాయంత్రం, మోతిని తెమ్మని పంపిన మా ఆయన ఒట్టి చేతులతో వచ్చి, "ఆడనే ఉన్నది, స్టేషన్ల. నన్ను జూస్తె ఉరుకుతున్నది. సంచిల ఏస్కపోయినోడు గద, ఎట్లొస్తది?" అన్నాడు. మామ తాను వెళ్తానన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఎల్లగొట్టింది నేను. తోల్కొచ్చేది గూడ నేనే. పొద్దటి బండికి పోత. ఈ పిల్ల నా ఎంబడి రావాలె."

మర్నాడు స్టేషన్లో బండి ఆగగానే నేను ఎక్కి చెయ్యి అందించాను. అత్తమ్మ మెట్టు వంక చూసింది, ఇంజన్ వంక చూసింది, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, గుడి మెట్టుకు మొక్కినట్టు మెట్టుకు మొక్కి ఎక్కింది. కిటికీ పక్కన బల్ల చివర కూర్చుని ఒక చేత్తో చువ్వను పట్టుకుంది. ఇంకో చేత్తో ఒళ్లో చిన్న మూట. బండి కదిలింది. ముళ్లకంప మీదుగా మా కొట్టం, మా బర్రెలు కనపడి, వెనక్కి పోయాయి. అత్తమ్మ పెదవులు నాక్కుంది. ఫలక్‌నుమా వచ్చింది. మళ్లీ నాక్కుంది. బండి కూత వేసింది, ఇంకోసారి. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు పాడు ఆలోచన వచ్చింది, కొంపదీసి ఈమె గానీ పొద్దున మలాయి... అని. ఎదురుగా గంపతో కూర్చున్న ఆవిడ, "దూప అయితున్నదా అక్కా, నీళ్లు తాగుతవా?" అని చెంబు చాచింది. అత్తమ్మ వద్దని తల తిప్పింది. తల పక్కకు తిప్పి, నాలుకతో పెదవులు తడుపుకుంది. మోతి ఎలా తిప్పిందో అచ్చం అలాగే. అప్పుడు నాకు తెలిసింది. ఉప్పుగూడంతా వినపడేలా అరిచే మనిషికి, నేను ఉలిక్కిపడే మనిషికి, భయమేస్తోంది. నాకు నవ్వు రాలేదు. నేను జరిగి ఆమె పక్కన ఆనుకుని కూర్చున్నాను. ఆమె చువ్వ వదిలి నా మణికట్టు పట్టుకుంది. ఉందానగర్ దాకా వదల్లేదు. గాజులు ఒత్తుకుని చేతి మీద అచ్చులు పడ్డాయి.

మోతి ప్లాట్‌ఫారం చివర నీళ్ల పంపు దగ్గర ఉంది. రెండు రోజులకే పక్కటెముకలు తేలాయి. "మోతీ!" అని అత్తమ్మ గబగబా దాని మీదకు పోయింది. అది లేచి నాలుగడుగులు వెనక్కి వేసి, చెవులు వాల్చి, మూతి నాక్కుంది. అత్తమ్మ టక్కున ఆగిపోయింది. దాన్ని చూసింది. తన పెదవుల మీద వేళ్లు పెట్టుకుంది. "నీకు గూడ నా లెక్కనేనానే" అంది. కేక కాదు, చాలా మెల్లగా. తర్వాత ఆ కంకర మీదే, దానికి పక్కగా తిరిగి, దాని వంక చూడకుండా కూర్చుంది. నన్నూ కూర్చోమంది. మేమొచ్చిన బండి వెళ్లిపోయింది. తిరిగి పోయే బండికి బోలెడు టైముంది. ఎండ ఎక్కుతోంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ అరవలేదు. చాలాసేపటికి మోతి ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి అత్తమ్మ మోకాలు వాసన చూసింది.

అత్తమ్మ మూట విప్పింది. మోదుగాకులో మడతపెట్టిన మలాయి. అమ్మకానికి కాకుండా ఆ ఇంటి మలాయి గడప దాటడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. సగం తుంచి మోతి ముందు పెట్టింది. మిగతా సగం నా చేతిలో పెట్టి, "తిను. దొంగతనంగ తిన్నది ఒంటికి పట్టదు" అంది. నేను ఏడుస్తూనే తిన్నాను. ఉప్పుగా, తియ్యగా ఉంది. అత్తమ్మ వేళ్లకు అంటిన దాన్ని అలవాటు కొద్దీ కొంగుకు తుడుచుకోబోయి, ఆగింది. అటూ ఇటూ చూసి, వేలు నోట్లో పెట్టుకుంది. కళ్లు పెద్దవి చేసింది.

"గిట్లుంటదా ఇది?" అంది.

అన్నేళ్లుగా చార్మినార్ దాకా పేరు మోసిన మలాయి తీసిన మనిషికి, దాని రుచి తెలియదు. మేం దొంగతనంగానైనా తిన్నాం. ఆమె అదీ చేయలేదు.

తిరుగు బండిలో మోతి మా కాళ్ల దగ్గర పడుకుంది. ఆ సాయంత్రం పెద్ద బర్రె దాని నెత్తి అంతా నాకి, చెంబు నిండా పాలిచ్చింది. ఆ తర్వాత ప్రతి పండక్కీ కడాయి అంచు గీకి నాకు పెట్టడం అత్తమ్మ ఆనవాయితీ చేసింది. కేకలు తగ్గలేదనుకోండి, పుట్టుకతో వచ్చినవి ఎక్కడికి పోతాయి! కానీ మోతి ముందు మాత్రం గొంతు దించేది. మా మనవరాలికి ఇదంతా చెబితే, "నానమ్మా, తిరిగొచ్చేటప్పుడు రైల్లో భయపడిందా మరి?" అని అడిగింది. తిరిగొచ్చేటప్పుడు కూడా అత్తమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది, దారి పొడవునా పెదవులు నాక్కుంటూనే ఉంది. అది రైలు భయమో, మలాయి రుచో నేను అప్పుడు అడగలేదు. యాభై ఏళ్లు దాటాయి, ఎన్నో సంగతులు తేలిపోయాయి, ఇదొక్కటే ఇంకా తేలలేదు.